రాతతో గీత: రేఖాపటాలకు ఓపెన్ సోర్స్ సాధనాలు

ఏ కర్మాగారంలోనైనా యంత్రాల కన్న వాటిని గురించిన కాగితాలే ఎక్కువ. ఆ కాగితాలలో అక్షరాలకు ఎంత ప్రాధాన్యం ఉన్నదో గీతలకూ అంతే ప్రాధాన్యం ఉన్నది. ముడిసరుకు ఏ దారిన వచ్చి ఏ రూపంలో బయటకు పోతుందో చూపే ప్రవాహ పటం, ఏ మోటారు ఆగితే దానితో పాటు ఏవేవి ఆగిపోవాలో తెలిపే ఇంటర్‌లాక్ పటం, ఒక ఇండెంటు ఎన్ని బల్లలు దాటి కొనుగోలు ఆర్డరుగా మారుతుందో వివరించే కార్యక్రమ పటం మనకు నిత్యం అవసరమయ్యేవే. కంట్రోలు రూము గోడ మీద, సెక్షను బీరువాలో, కొత్తగా చేరిన శిక్షణార్థి చేతిలో ఇవే కనిపిస్తాయి.

పటాన్ని ఒకసారి గీయడం పెద్ద పని కాదు. గీసిన పటం పదేళ్ల తరువాత కూడా సత్యం చెబుతూ ఉండేటట్లు చూడడమే పెద్ద పని. ఈ నెల శీర్షికలో ఆ పనికి అక్కరకు వచ్చే ఒక తరహా సాధనాలను పరిచయం చేసి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూడదలచాను. ఇవి మౌసుతో బొమ్మ గీసే సాధనాలు కావు; మనం మాటలలో రాసి ఇస్తే, దానిని చదివి తామే బొమ్మ గీసిపెట్టే సాధనాలు. ప్రధానంగా చర్చించే మూడూ ఓపెన్ సోర్స్ సాధనాలే. అంటే వాటి మూల ప్రోగ్రాము అందరికీ బహిరంగంగా లభిస్తుంది. ఎవరైనా తెచ్చుకొని వాడుకోవచ్చు, చదువుకోవచ్చు, లైసెన్సు షరతులకు లోబడి మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు.

పటం ఎందుకు పాతబడుతుంది?

మా తరం ఉద్యోగంలో చేరిన రోజులలో డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసింగ్ కాగితం, టీ స్క్వేరు, సిరా పెన్నులు ఉండేవి. ఒక గీతను మార్చాలంటే బ్లేడుతో సిరాను మెల్లగా గీకి, అక్కడ కొత్త గీత వేసేవారు. మార్చిన భాగం చుట్టూ మబ్బు ఆకారంలో ఒక రేఖ చుట్టి, పక్కన త్రికోణంలో సవరణ సంఖ్య వేసి, కాగితం మూలనున్న గడిలో తేదీ, సంతకం పెట్టేవారు. ఏమి మారింది, ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్న నాలుగు ప్రశ్నలకూ ఆ ఒక్క కాగితమే సమాధానం చెప్పేది. శ్రమ ఎక్కువే, కాని క్రమశిక్షణ ఉండేది.

కంప్యూటర్లు వచ్చిన తరువాత శ్రమ తగ్గింది. పెద్ద డ్రాయింగులకు క్యాడ్ వచ్చింది. పాత సవరణ పద్ధతి వాటిలో చాలావరకు నిలిచింది. దిక్కు లేనివి అయిపోయినవి చిన్న పటాలు. నివేదికల నడుమ, ఉపన్యాసాల స్లైడులలో ఎవరికి వారు గీసుకున్న ఈ పటాలకు సవరణ గడి లేదు, మబ్బు గుర్తూ లేదు. ఫైలు పేరు చివర ‘కొత్తది’, ‘చివరిది’, ‘అసలైన చివరిది’ అని తగిలించుకుంటూ పోవడమే వాటి సవరణ చరిత్ర. రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టినా ఏ బాణం మారిందో కళ్లు చికిలించుకొని వెతకవలసిందే.

నేను పనిచేసిన ఒక విభాగంలో ఒకసారి షట్‌డౌన్‌కు ముందు ఒక పంపు ఇంటర్‌లాక్ పటాన్ని సరిచూడవలసి వచ్చింది. కంట్రోలు రూము గోడ మీద ఉన్నది మూడవ సవరణ. మెయింటెనెన్సు వారి ఫైలులో ఉన్నది ఐదవ సవరణ. అందులోనూ ఒకచోట పెన్సిలుతో దిద్ది, పక్కన ఎవరివో పొడి అక్షరాలు వేసి ఉన్నాయి. రెండింటికీ నడుమ ఒక ప్రెషర్ స్విచ్ తేడా. మూల ఫైలు దొరికింది గాని, దానిని తయారు చేసిన ప్రోగ్రాము లైసెన్సు ఎప్పుడో ముగిసిపోయింది. కొత్త కంప్యూటరులో ఆ ఫైలు తెరుచుకోలేదు. చివరకు ఇద్దరు టెక్నీషియన్లు కేబులు వెంబడి నడిచి, ఒక్కొక్క టెర్మినల్ సరిచూసి, పర్మిట్ మీద సంతకాలు పడకముందే అసలు సంగతి తేల్చారు. వారి శ్రద్ధ వల్ల ఏ ప్రమాదమూ జరగలేదు. క్షేత్రంలో సరిచూసుకోవడం ఎప్పుడూ అవసరమే. కాని సరిచూడవలసింది పటానికీ యంత్రానికీ మధ్య గాని, ఒక పటానికీ మరొక పటానికీ మధ్య కాదు.

తెలుగువారికి ఈ ఇబ్బంది మరొక రూపంలో అనుభవమే. 1990లలో డీటీపీ మీద కూర్చిన తెలుగు ఫైళ్లను, ఆనాటి ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. అచ్చయిన కాగితాన్ని చదవగలం, ఫైలును చదవలేము. యూనికోడ్‌లో కూర్చిన వాక్యానికి ఆ దుర్గతి లేదు. సాదా పాఠానికి ఉన్న ఆ దీర్ఘాయువును పటానికి కూడా ఇవ్వగలమా అన్నదే ఈ సాధనాల వెనుక ఉన్న ప్రశ్న.

మాటలే పటమైతే

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. నీటి తొట్టి నుంచి పంపుకు, పంపు నుంచి కంట్రోలు వాల్వుకు, అక్కడి నుంచి బాయిలరుకు నీరు పోతుంది. ఈ సంగతిని గ్రాఫ్‌విజ్ అనే సాధనానికి ఇలా రాసి ఇస్తాము:

"నీటి తొట్టి" -> "పంపు"
"పంపు" -> "కంట్రోలు వాల్వు"
"కంట్రోలు వాల్వు" -> "బాయిలరు"

ఇది బాణాలున్న పటమని చెప్పే ఒక మాట మొదట రాసి, ఈ మూడు పంక్తులను మీసాల బ్రాకెట్లలో ఉంచితే చాలు. గడులు ఎక్కడ ఉండాలి, బాణం ఏ వంపు తిరగాలి అన్నది మనం చెప్పలేదు. ఏది దేనికి కలుస్తుందో మాత్రమే చెప్పాము. మిగిలినది యంత్రం పని.

కొంతకాలానికి కంట్రోలు వాల్వుకు ఒక బైపాస్ లైను వేశామనుకోండి. అప్పుడు చేర్చవలసినవి రెండే పంక్తులు:

"పంపు" -> "బైపాస్ వాల్వు"
"బైపాస్ వాల్వు" -> "బాయిలరు"

పాత పాఠాన్ని, కొత్త పాఠాన్ని ఇచ్చి తేడా చూపమని అడిగితే కంప్యూటరు సరిగ్గా ఈ రెండు పంక్తులనే చూపుతుంది. ఇలా తేడా చూపే ‘డిఫ్’ అనే ప్రోగ్రాము 1970లలోనే యూనిక్స్‌లో ఉన్నది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ అభివృద్ధి అవసరాల కోసం రూపొందించిన గిట్ అనే సాధనం, ప్రతి మార్పునూ చేసినవారి పేరు, తేదీ, కారణంతో సహా భద్రపరుస్తుంది. వెనుకటి డ్రాయింగు మీద మబ్బు గుర్తు, త్రికోణం, సంతకపు గడి చేసిన పనే ఇది. శ్రమ పోయింది, క్రమశిక్షణ తిరిగి వచ్చింది.

మూల పురుషుడు: పిక్

ఈ ఆలోచన కొత్తది కాదు. యూనిక్స్ పుట్టిన బెల్ ప్రయోగశాలలో బ్రయాన్ కెర్నిఘన్ ‘పిక్’ అనే చిన్న భాషను రూపొందించి, 1982లో దానిపై ఒక వ్యాసం ప్రచురించారు. ‘ఒక పెట్టె, ఒక బాణం, మరొక పెట్టె’ అని ఆంగ్లంలో రాస్తే అవి వరుసగా పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. ఆ భాషను అర్థం చేసుకునే ప్రోగ్రాము గ్నూ వారి ‘గ్రాఫ్’ అక్షర కూర్పు వ్యవస్థలో నేటికీ ఉన్నది. అదే బాణీలో 2020లో ఎస్క్యూలైట్ సృష్టికర్త రిచర్డ్ హిప్ ‘పిక్చర్’ అనే సాధనాన్ని తయారు చేశారు. నలభై ఏళ్ల తరువాత కూడా ఒక పటం భాష బతికి ఉన్నదంటే, అది సాదా పాఠం కావడమే ప్రధాన కారణం.

పిక్‌లో ఏది ఎక్కడ ఉండాలో రచయితే నిర్ణయిస్తాడు. పది గడుల పటానికి ఇది సుఖం. వంద గడుల పటానికి శిక్ష.

గ్రాఫ్‌విజ్: అమరికలో దిట్ట

ఆ శిక్షను తప్పించినది గ్రాఫ్‌విజ్. ఇది కూడా ఏటీ అండ్ టీ పరిశోధనశాలలలోనే 1990ల తొలినాళ్లలో రూపుదిద్దుకున్నది. బాణాలున్న పటాన్ని చక్కగా అమర్చే పద్ధతిని గాన్స్నర్, కౌట్సోఫియోస్, నార్త్, వో అనే నలుగురు పరిశోధకులు 1993లో ఒక వ్యాసంలో వివరించారు. దానికి పునాది 1981లో జపాన్ పరిశోధకులు సుగియామా, తగావా, తోడా ప్రతిపాదించిన అంతస్తుల పద్ధతి.

పని నాలుగు దశలలో సాగుతుంది. మొదట ప్రతి గడికి ఒక అంతస్తు కేటాయిస్తారు. తరువాత గీతలు ఒకదానినొకటి వీలైనంత తక్కువగా ఖండించుకునేటట్లు ప్రతి అంతస్తులోని గడుల వరుసను సర్దుతారు. ఆపైన గడుల స్థానాలను లెక్కకడతారు. చివరకు వంపులు తిరిగిన గీతలు గీస్తారు. రెండవ దశ చూడడానికి సులభంగా కనిపించినా, గీతల ఖండనలను కనిష్ఠం చేయడం గణితపరంగా అతి కఠినమైన సమస్యల కోవలోనిదని 1983లోనే నిరూపితమైంది. కాబట్టి ఈ సాధనాలన్నీ ఉత్తమమైన అమరికకు హామీ ఇవ్వవు. మంచి అమరికను త్వరగా ఇస్తాయి. మన వాడుకకు అది చాలు.

గ్రాఫ్‌విజ్‌లో ‘డాట్’ అనేది భాష పేరూ, అంతస్తుల అమరిక చేసే ప్రోగ్రాము పేరూ. అదే పాఠాన్ని ‘నీటో’కు ఇస్తే స్ప్రింగులతో బిగించిన గోళీల వలె గడులు సర్దుకుంటాయి, ‘సిర్కో’కు ఇస్తే వలయంగా కూర్చుంటాయి, ‘ట్వోపై’కి ఇస్తే ఒక కేంద్రం చుట్టూ కిరణాల వలె పరుచుకుంటాయి.

దీని అసలు బలం మరొకటి ఉన్నది. డాట్ భాష ఎంత సరళమంటే దానిని మనిషే రాయనక్కరలేదు. మరొక ప్రోగ్రాము రాసి ఇవ్వవచ్చు. మన కేబుల్ షెడ్యూలునే తీసుకోండి. ప్రతి వరుసలో కేబులు సంఖ్య, బయలుదేరే ప్యానెలు, చేరే ప్యానెలు ఉంటాయి. ఆ రెండు ప్యానెళ్ల నడుమ బాణం పెడితే ఒక డాట్ పంక్తి తయారు. స్ప్రెడ్‌షీటులో ఒక చిన్న సూత్రంతో వందల వరుసలను వందల పంక్తులుగా మార్చవచ్చు. అప్పుడు పటం వేరు, షెడ్యూలు వేరు అన్న మాటే ఉండదు. షెడ్యూలు మారితే పటం మారుతుంది. ప్రోగ్రాముల నిర్మాణాన్ని వివరించే డాక్సిజెన్ వంటి సాధనాలు తమ బొమ్మలను గ్రాఫ్‌విజ్ చేతనే గీయించుకోవడానికి కారణం ఇదే.

లోపమేమంటే దానికి తెలిసినది గడులు, వాటి నడుమ బంధాలు మాత్రమే. కాలక్రమం, పని అట్టిపెట్టిన రోజులు, ఎవరు ఎవరికి ఏ సందేశం పంపారు అన్న భావనలు దానికి లేవు.

ప్లాంట్‌యూఎమ్ఎల్: సంభాషణలో నేర్పరి

ఆ భావనలు ఉన్నది ప్లాంట్‌యూఎమ్ఎల్. సాఫ్ట్‌వేర్ రూపకల్పనకు వాడే యూఎమ్ఎల్ చిహ్నాలను 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ ప్రమాణంగా స్వీకరించింది. ఆ చిహ్నాలను మాటలతో రాయడానికి 2009లో అర్నో రోక్ జావాలో ఈ సాధనాన్ని మొదలుపెట్టారు. పేరులో ఉన్న ప్లాంటుకూ మన ప్లాంటుకూ సంబంధం లేదు గాని, మన ప్లాంటుకు ఇది బాగా పనికివస్తుంది.

దీని ప్రత్యేకత క్రమ పటం. ఎవరు ముందు, ఎవరు తరువాత, ఎవరు ఎవరికి ఏమి పంపారు అన్నది ఇందులో పై నుంచి కిందికి కనిపిస్తుంది:

"స్టోర్సు" -> "కొనుగోలు" : ఇండెంటు
"కొనుగోలు" -> "ఫైనాన్సు" : ప్రతిపాదన
"ఫైనాన్సు" --> "కొనుగోలు" : సమ్మతి

మూడవ పంక్తిలో బాణానికి రెండు గీతలున్నవి గమనించండి. అది చుక్కల గీతగా, అంటే ప్రత్యుత్తరంగా వస్తుంది. ఫైలు ఎక్కడ ఎన్నిసార్లు వెనుదిరుగుతున్నదో ఇలాంటి పటంలో చూసిన తరువాత ఒక బల్ల తగ్గించవచ్చునని ఎవరికైనా తోచకమానదు.

ప్లాంట్‌యూఎమ్ఎల్ ఒకే ఫైలుగా లభిస్తుంది. జావా ఉన్న ఏ కంప్యూటరులోనైనా ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. బయటి వలతో సంబంధం లేని ప్లాంటు నెట్‌వర్కులకు ఇది గొప్ప సౌకర్యం. అయితే ఒక హెచ్చరిక. దీనికి ఇంటర్నెట్‌లో ఒక బహిరంగ సర్వరు కూడా ఉన్నది. అక్కడ పాఠం అతికిస్తే బొమ్మ వెంటనే వస్తుంది గాని, ఆ పాఠం కుదించిన రూపంలో చిరునామాలోనే ఇమిడి బయటి సర్వరుకు పోతుంది. ప్లాంటు నెట్‌వర్కు పటమో, భద్రతా వ్యవస్థ పటమో అక్కడ అతికించడం ఇంటి తాళంచెవిని వీధిలో ఆరబెట్టడమే. సంస్థ పనికి మన కంప్యూటరులో నెలకొల్పిన ప్రతినే వాడాలి.

మెర్మెయిడ్: ఇంటింటికీ అందేది

మూడవది మెర్మెయిడ్. స్వీడన్‌కు చెందిన క్నుట్ స్వేడ్‌క్విస్ట్ 2014లో దీనిని జావాస్క్రిప్టులో ప్రారంభించారు. పైన చెప్పిన నీటి పటం మొదటి రెండు అడుగులు ఇందులో ఇలా ఉంటాయి:

1["నీటి తొట్టి"] --> 2["పంపు"]
2 --> 3["కంట్రోలు వాల్వు"]

ప్రతి గడికి ఒక పొట్టి గుర్తు, కొక్కెపు బ్రాకెట్లలో దాని పూర్తి పేరు. పేరు ఒకసారి రాస్తే చాలు, తరువాత గుర్తుతోనే పిలవవచ్చు. ప్రవాహ పటాలే కాక క్రమ పటాలు, స్థితి పటాలు, షట్‌డౌన్ ప్రణాళికకు పనికివచ్చే గాంట్ చార్టులు కూడా దీనితో గీయవచ్చు.

మెర్మెయిడ్ బలం అది బ్రౌజరులోనే పనిచేయడం. వ్యాసం మధ్యలో పాఠం రాసిపెడితే, చదివేవారి తెర మీద అది పటంగా మారుతుంది. ప్రోగ్రాములు భద్రపరిచే గిట్‌హబ్ 2022 ఫిబ్రవరిలో దీనికి నేరుగా స్థానం కల్పించిన తరువాత దీని వాడకం బాగా విస్తరించింది. ఆ జావాస్క్రిప్టు ఫైలును దించుకొని లోపలి నెట్‌వర్కులోనూ వాడుకోవచ్చు. కాని తెర మీద గాక, ఆదేశాలతో బొమ్మల ఫైళ్లు తయారు చేయించాలంటే దాని వెనుక ఒక పూర్తి బ్రౌజరు నడవాలి. పాత కంప్యూటర్లకు అది బరువే.

చిన్న చిక్కులూ లేకపోలేదు. ప్రవాహ పటంలో ‘ఎండ్’ అనే ఆంగ్ల పదాన్ని కొటేషన్లు లేకుండా చిన్న బడి అక్షరాలలో గడి పేరుగా రాస్తే పటం విరిగిపోతుంది, ఎందుకంటే ఆ పదాన్ని మెర్మెయిడ్ తన ఆదేశంగా భావిస్తుంది. ‘ముగింపు’ అని తెలుగులో రాసుకునేవారికి ఆ బెడద లేదు.

ఒకే వేరు నుంచి

ఈ మూడింటిని పోల్చి చూసినప్పుడు ఒక విశేషం బయటపడుతుంది. ప్లాంట్‌యూఎమ్ఎల్ తన క్లాసు పటాలు, భాగాల పటాల వంటి వాటిని అమర్చడానికి గ్రాఫ్‌విజ్‌నే ఆశ్రయిస్తుంది. మెర్మెయిడ్ ప్రవాహ పటాలకు చాలాకాలంగా వాడుతూ వచ్చిన ‘డాగ్రే’ అనే ప్రోగ్రాము 1993 నాటి ఆ నలుగురి వ్యాసంలోని పద్ధతినే అనుసరిస్తుంది. 2022 నవంబరులో బహిరంగమైన ‘డీ2’ అనే కొత్త సాధనం కూడా సాధారణంగా వాడేది ఆ డాగ్రేనే. పైకి మూడు నాలుగు చెట్లు. నేలలో వేరు ఒకటే.

పద్ధతిని ప్రచురించి, ప్రోగ్రామును బహిరంగపరచడం వల్లనే ఇది సాధ్యమైంది. ఓపెన్ సోర్స్ అంటే కేవలం డబ్బు చెల్లించకపోవడం అని చాలామంది అనుకుంటారు. డబ్బు సంగతి చిన్నది. ఒక సంస్థ శ్రద్ధ తగ్గించినా, ఒక రచయిత విరమించినా, పని మరొకరు అందుకొని ముందుకు నడపగలగడం పెద్దది. ముప్పై ఏళ్లు నడిచే యంత్రాలను చూసుకునే మనకు అది మరీ ముఖ్యం.

లైసెన్సులు అన్నీ ఒకటి కావు. మెర్మెయిడ్‌ది అతి సరళమైన ఎంఐటీ లైసెన్సు. గ్రాఫ్‌విజ్‌ది ఎక్లిప్స్ పబ్లిక్ లైసెన్సు. ప్లాంట్‌యూఎమ్ఎల్ ప్రధానంగా జీపీఎల్ కింద లభిస్తుంది. పటాలు గీసుకోవడానికి ఈ తేడాలు అడ్డు రావు. ఆ ప్రోగ్రాములను మన ప్రోగ్రాములలో కలిపి బయటివారికి పంచదలచినప్పుడు మాత్రం చదువుకోవాలి. కొన్నిచోట్ల ఒక భాగం బహిరంగం, మరొక భాగం కాదు. డీ2 ఓపెన్ సోర్సే గాని, దానికి తోడుగా అదే సంస్థ ఇచ్చే ‘తాలా’ అనే అమరిక యంత్రాంగం అలాంటిది కాదు. 2015లో భారత ప్రభుత్వం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణ విధానాన్ని ప్రకటిస్తూ, ప్రభుత్వ సంస్థల ఈ-గవర్నెన్సు పనులకు సరఫరాదారులు ఇలాంటి సాఫ్ట్‌వేరును కూడా పరిశీలించాలనీ, వదిలివేస్తే కారణం చెప్పాలనీ పేర్కొన్నది. ఆ దృష్టితోనైనా వీటిని తెలుసుకొని ఉండడం మంచిది.

తెలుగు అక్షరాలు

పైన ఇచ్చిన ఉదాహరణలన్నీ తెలుగులోనే ఉన్నవి. ఈ మూడు సాధనాలూ యూనికోడ్ తెలుగును స్వీకరిస్తాయి. కాని స్వీకరించడం వేరు, గుణింతాలూ ఒత్తులూ చెదరకుండా చూపడం వేరు. మెర్మెయిడ్‌లో ఆ భారం బ్రౌజరుది కాబట్టి చిక్కు తక్కువ. గ్రాఫ్‌విజ్‌లో నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటు పేరును స్పష్టంగా పేర్కొనాలి. ప్లాంట్‌యూఎమ్ఎల్‌లో పాఠం యూటీఎఫ్-8 అని కూడా చెప్పడం క్షేమం. గ్రాఫ్‌విజ్ ఎస్‌వీజీ బొమ్మలో ఫాంటు పేరే ఉంటుంది గాని ఫాంటు ఉండదు. గడి వెడల్పు మన కంప్యూటరులో లెక్కకట్టినది. ఎదుటివారి కంప్యూటరులో మరొక ఫాంటు వస్తే అక్షరాలు గడి దాటి పోతాయి. పదిమందికి పంపే పటాన్ని పీడీఎఫ్‌గా పంపితే ఈ ఇబ్బంది రాదు.

వీటితో చేయకూడనివి

కొలత ముఖ్యమైన చోట ఈ సాధనాల జోలికి పోరాదు. పైపుల ఐసోమెట్రిక్, పునాదుల డ్రాయింగు, యంత్ర భాగాల డ్రాయింగు క్యాడ్‌లోనే ఉండాలి. ప్రమాణ చిహ్నాలతో, ఆమోద ముద్రతో ఉండే పైపింగ్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ డ్రాయింగులకు కూడా ఇవి ప్రత్యామ్నాయం కావు.

రెండవ పరిమితి అమరికకు సంబంధించినది. ఒక్క పంక్తి చేర్చినందుకు పటమంతా కొత్తగా సర్దుకోవచ్చు. పదేళ్లుగా కంట్రోలు రూములో ఎడమవైపు పంపును చూసిన ఆపరేటరుకు, అది ఒకనాడు కుడివైపు కనిపిస్తే కంగారు కలుగుతుంది. అత్యవసర సమయంలో కన్ను అలవాటైన చోటికే పోతుంది. అందువల్ల గోడ మీద శాశ్వతంగా ఉండే పటాలకు, స్థానాలను మనమే నిర్ణయించే పిక్ వంటి భాషో, చేతితో గీసే ఇంక్‌స్కేప్ వంటి సాధనమో మేలు.

ఇటీవల కృత్రిమ మేధ సాధనాలు కూడా మనం నోటి మాటగా చెప్పినదానిని మెర్మెయిడ్‌లోనో డాట్‌లోనో రాసిపెడుతున్నాయి. చిత్తుప్రతికి అది సాయమే. అయితే పటం చక్కగా వచ్చినంత మాత్రాన సత్యం కాదు. ప్రతి బాణం కిందా బాధ్యత వహించే మనిషి ఒకరు ఉండాలి. పాఠం చదవగలిగే రూపంలో ఉండడం వల్ల ఆ మనిషి ఒక్కొక్క పంక్తినీ సరిచూడగలడు; అదే లాభం.

ఏది దేనికి?

సారాంశంగా చెప్పాలంటే, గడులు ఎక్కువై, సమాచారం పట్టికల నుంచి వచ్చేటప్పుడు గ్రాఫ్‌విజ్. పని ఒకరి నుంచి ఒకరికి చేతులు మారే వరుస చూపాలన్నా, ఇంటర్నెట్ లేనిచోట పలురకాల పటాలు కావాలన్నా ప్లాంట్‌యూఎమ్ఎల్. వ్యాసంలో, శిక్షణ పాఠంలో, బ్రౌజరులో చదివే మాన్యువల్‌లో పటం కలిసి ఉండాలంటే మెర్మెయిడ్. మూడింటిలో ఏది నేర్చుకున్నా బాణం గుర్తు దాదాపు ఒకటే కాబట్టి రెండవది నేర్వడానికి ఒక పూట చాలు.

ఇంట్లో పిల్లలతో

ఈ పత్రికను ఇంటికి తీసుకువెళ్లి చదివే కుటుంబ సభ్యులకు ఒక ఆసక్తికరమైన అభ్యాసం సూచిస్తాను. గ్రాఫ్‌విజ్‌తో మీ వంశవృక్షం రాసి చూడండి. తల్లి నుంచి బిడ్డకు ఒక బాణం, తండ్రి నుంచి బిడ్డకు ఒక బాణం. నాలుగు తరాలు నాలుగు అంతస్తులుగా వాటంతటవే వచ్చి నిలుస్తాయి.

మన కుటుంబాలలో ఇక్కడొక చమత్కారం ఉన్నది. మేనరికం జరిగిన ఇంట వంశవృక్షం నిజానికి వృక్షం కాదు. విడిపోయిన రెండు కొమ్మలు ఒక తరం తరువాత మళ్లీ కలుస్తాయి; మేనమామ కూతురును చేసుకున్నవారి పిల్లలు ఒకే ముత్తవ్వగారిని రెండు దారులలో చేరుకుంటారు. మేనకోడలినే చేసుకున్న ఇంట అయితే తరాలే కలుస్తాయి. తండ్రి నుంచి బిడ్డకు వచ్చే బాణం ఒక అంతస్తు దాటి దిగుతుంది. కొమ్మలు కలవవని ముందే నిర్ణయించుకున్న సాధనం ఇక్కడ తికమకపడుతుంది. బంధాలు ఎలా ఉంటే అలాగే స్వీకరించే గ్రాఫ్‌విజ్‌కు ఇబ్బంది లేదు. మీ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో పెద్దలు చెబుతూ ఉంటే, పిల్లలు ఒక్కొక్క పంక్తి రాస్తూ పోవచ్చు. గ్రాఫ్ సిద్ధాంతంలో మొదటి పాఠం, కుటుంబ చరిత్రలో మొదటి పుట ఒకే సాయంత్రంలో పూర్తవుతాయి. పెద్దలు జ్ఞాపకం చేసుకోగలిగిన రోజులలోనే ఆ పని చేయడం మంచిది.

ఇక సెక్షనులో చేయవలసిన పని. మీ గది గోడ మీద ఉన్న పటాలలో అందరూ ఎక్కువగా చూసేది ఒకదానిని ఎంచుకోండి. దాని మూల ఫైలు ఎక్కడ ఉన్నదో, ఎవరు తెరవగలరో విచారించండి. దొరకకపోతే ఆ పటాన్ని చేతపట్టుకొని క్షేత్రంలో ఒకసారి నడవండి. కనిపించినదానిని పంక్తులుగా రాయండి. చివర తేదీ, పేరు వేయండి. ఇరవై ముప్పై పంక్తులకు మించదు. మీరు బదిలీ మీద వెళ్లినా, పదవీ విరమణ చేసినా, తరువాత వచ్చినవారు ఆ పంక్తులను ఏ లైసెన్సూ అడగకుండా తెరిచి, చదివి, దిద్దగలుగుతారు.